అంచు లేని తువ్వాలు

టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా అతను పెరట్లో తీగ మీది తువ్వాళ్లను వేరు చేస్తున్నాడు. చక్రాలకు ముతకవి, అద్దాలకు పలచనివి, బాడీకి మెత్తనివి. కార్లు కడిగి మెరుగుపెట్టే అతన్ని కార్లున్న వాళ్లంతా గీతల డాక్టరు అంటారు. కారు ఒంటి మీద వెంట్రుకంత గీత కనిపిస్తే చాలు, ఆ మహానుభావుడికి అన్నం సయించదు. సన్నటి పోగుల మైక్రోఫైబర్ తువ్వాలు కొనగానే లేబుల్ కత్తిరించి, చెంపకు రాసి చూసుకుంటాడు. కుట్టు అంచు ఉన్నదాన్ని బాడీ దగ్గరికి రానివ్వడు. నూలు బట్టలతో కలిపి ఉతకొద్దని, ఎండలో మాడ్చొద్దని ఇంట్లో అందరికీ నూరిపోశాడు. ఆ శ్రద్ధలో పావు వంతు మనుషుల మీద చూపిస్తే బాగుండునని భార్య దెప్పుతూనే ఉంటుంది.

ఆ పొద్దున అంచు లేని తువ్వాళ్లు కొన్ని కనబడలేదు. మర్నాడు కొత్త నల్ల కారు మెరుగుకు వస్తోంది.

"నాన్నా, మెత్తటి తువ్వాళ్లేవి?"

లోపలి గదిలోంచి బకెట్టుతో వస్తున్న తండ్రి ఆగిపోయాడు. "ఏమోరా. వెతుకుతాలే."

"ఎవరికైనా ఇచ్చేశావా? మొన్న కూడా ఇంతే."

"పోనీ, కొత్తవి కొనుక్కుందాం."

"అవేమన్నా మూతి తుడుచుకునే గుడ్డలనుకున్నావా నాన్నా? ఒక్క ఇసక రేణువు పట్టినా కారు పాడైపోతుంది. ఈ ఇంట్లో నా పనికి విలువే లేదు."

ఆ గొంతు ఇల్లంతా వినపడింది. లోపలి గదిలో ఏడాదిగా మంచం పట్టిన తల్లికీ వినపడింది. ఆ సంగతి అతనికి తట్టనే లేదు. తండ్రి తల దించుకుని బకెట్టు తీసుకెళ్లిపోయాడు.

మర్నాడు బయలుదేరుతుంటే లోపల్నుంచి సన్నటి మూలుగు వినిపించింది. తలుపు తోసి చూశాడు. తండ్రి పాత నూలు గుడ్డ తడిపి ఆమె వీపు తుడుస్తున్నాడు. ఉల్లిపొరలాంటి ఆ చర్మం మీద గుడ్డ తగిలిన చోటల్లా ఎర్రటి గీతలు తేలుతున్నాయి.

"ఆ గుడ్డేంటి నాన్నా? అమ్మ ఒళ్లంతా గీసుకుపోతోంది."

"రోజూ నీ తువ్వాళ్లతోనే తుడిచేవాణ్ణిరా. వాటితో అయితే మీ అమ్మకి నొప్పి తెలిసేది కాదు. నువ్వు చెప్పినట్టే విడిగా ఉతికి, నీడలో ఆరేసేవాణ్ణి. నిన్న నీ మాటలు విన్నాక వద్దంది."

"నాకు ఒక్క మాట చెప్పొచ్చుగా."

"చెప్పొద్దని ఒట్టేయించుకుంది. నీ పనిగుడ్డలు వాడుకుంటున్నానని దానికి సిగ్గు."

తల్లి దిండు కింద నుంచి మడతపెట్టిన తువ్వాళ్లు తీసింది.

"శుభ్రంగా ఉతికించాను నాన్నా. ఇసక లేదు. నీ కారు పాడవదులే."

ఏడాదిగా తన తల్లి ఒళ్లు ఒక్కసారైనా తను తుడవలేదు. మోకాళ్ల మీద కూర్చుని ఒక తువ్వాలు తీసుకున్నాడు. అలవాటుగా అంచు చూశాడు, చెంపకు రాసుకున్నాడు. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండుతుంటే కన్నీళ్లు ఆగలేదు.

"గట్టిగా తగిలితే చెప్పమ్మా."

"నల్ల కారు వస్తుందన్నావుగా. ఆలస్యమైపోదూ?"

"కానీలే అమ్మా."

ఆ రోజు నుంచి ఆ పని అతనే చేశాడు. కానీ ఆమె ఎక్కువ రోజులు ఉండలేదు. చివరి స్నానం వేళ ఎవరో నూలు గుడ్డ అందించబోతే, వద్దని చెయ్యి అడ్డం పెట్టి మెత్తటి తువ్వాలు అందుకున్నాడు. ఇప్పుడు ఆమెకు నొప్పి తెలియదని తండ్రి మెల్లగా చెప్పాడు. అయినా అతను ఒత్తకుండానే తుడిచాడు. వీపు మీది ఆ గీతలు ఇంకా మానలేదు.