తెరవని పేకముక్కలు

పొద్దున్న తొమ్మిదింటికి తలుపు తోసుకుని వచ్చిన అమ్మాయి కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సార్, చచ్చిపోదామనుకున్నవాడు అంత ఓపిగ్గా ఆడతాడా?"

ప్రైవేట్ డిటెక్టివ్ క్రిసాంతో లుమాబన్ చేతిలోని పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆయన సహాయకురాలు డెలియా కాఫీ కప్పు ఆమె చేతికిచ్చింది. ముప్పై ఏళ్ళు బ్యాంకు కౌంటర్లో కూర్చుని రిటైరైన డెలియాకి భయపడ్డ చేతులు ఎలా ఉంటాయో తెలుసు.

అమ్మాయి పేరు ఆర్లీన్ దిమాయుగ, ఊరు బతంగాస్. ఆమె, అన్న ఫ్లోరాంతె ఇద్దరూ పోకర్ ఆటగాళ్ళే. మనీలా అఖాతం ఒడ్డున ఒక పెద్ద హోటల్లో నాలుగు రోజులుగా జరుగుతున్న టోర్నమెంటులో చివరి తొమ్మిది మందిలో ఇద్దరూ మిగిలారు. నిన్న సాయంత్రం భోజనాల విరామంలో ఫ్లోరాంతె హోటల్ వెనక మెట్ల ఐదో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. చిప్పులు, అంటే పందెం బిళ్ళలు, అయిపోవచ్చాయి కాబట్టి మనసు విరిగి దూకేశాడని పోలీసులు తేల్చేశారు.

"నిన్న పొద్దున్నే అమ్మ అన్నయ్యని ఫోన్లో తిట్టింది సార్. పేకాట పట్టుకుని చస్తావురా అంది. ఇప్పుడు నా నోటితో నేనే చంపుకున్నానని మంచినీళ్ళు కూడా ముట్టట్లేదు. అన్నయ్య దూకలేదని రుజువు కావాలి. లేకపోతే అమ్మ కూడా దక్కదు."

ఆమె ఫోన్ తీసి రాత్రి వచ్చిన సందేశం చూపించింది. 'నల్ల నోట్‌బుక్ హోటల్ కౌంటర్లో ఇచ్చి ఊరెళ్ళిపో. రేపు ఆటకి కూర్చుంటే మీ అన్న దారే.'

"ఆ నోట్‌బుక్ ఏది?"

"నా దగ్గరే ఉంది. విరామంలో నా చేతికిచ్చి, చెప్పాల్సినవాళ్ళకి చెప్పొస్తానని వెళ్ళాడు. ఇంక రాలేదు."

లుమాబన్ నోట్‌బుక్కు నింపాదిగా చదివాడు. రెనాటో ఎస్కాన్యో అనే ఆటగాడి గురించే అంతా, ఏ రోజు ఏ టేబుల్లో, ఎవరు పంచుతుంటే ఆడాడో సహా. ప్రతి ఆటలోనూ పందెం పెంచి ఎదుటివాళ్ళని బెదరగొట్టే మనిషి. చివరి పేజీలో మూడే మూడు వాక్యాలున్నాయి. 'తొమ్మిది బ్లైండ్లు ఉన్నాయి. చాలు. తొందర వద్దు.'

"బ్లైండంటే ఏంటమ్మా?" అంది డెలియా.

"ముక్కలు చూడకముందే వంతులవారీగా పెట్టాల్సిన పందెం అక్కా. ఎన్ని బ్లైండ్లకి సరిపడా చిప్పులుంటే అంత ఊపిరి ఉన్నట్టు. తక్కువున్నవాడు చిల్లర పందేలు కాయకూడదు. దూకుడుగా వచ్చేవాడితో మాటిమాటికీ తగువు పెట్టుకోకూడదు. మంచి ముక్కలు పడేదాకా ఆగి, వాడు మీదికొచ్చినప్పుడు ఉన్నదంతా ఒక్కసారే తోసెయ్యాలి. తొమ్మిదంటే అన్నయ్యకి బోలెడు."

"కానీ ఎస్కాన్యో మీ అన్న మీదికి ఎప్పుడొచ్చేవాడు?" అన్నాడు లుమాబన్.

ఆర్లీన్ గొంతు తగ్గించింది. "అన్నయ్యకి చెత్త ముక్కలు పడ్డప్పుడే సార్. జత రాజులో రాణులో పడితే బుద్ధిగా తప్పుకునేవాడు. అంతా అన్నయ్య మొహంలో కనిపిస్తోందన్నారు. ఆటగాళ్ళ వెనక నిలబడి భుజాలు పట్టే మసాజు అమ్మాయి చూసి చెబుతోందని కూడా అన్నారు."

"ఈవేళ నువ్వు ఆడు. నీ వంతు వచ్చేదాకా ముక్కలు మాత్రం ఎత్తకు. చూడనిది మొహంలో కనపడదు. వెనక నిలబడ్డవాళ్ళకీ కనపడదు," అన్నాడు లుమాబన్.

మధ్యాహ్నం రెండు గంటలకి టోర్నమెంటు హాలు గుడి లోపలంత నిశ్శబ్దంగా ఉంది. ఫ్లోరాంతె కుర్చీ ఖాళీ. టోర్నమెంటు నియమం ప్రకారం ఆ కుర్చీకి కూడా ముక్కలు పంచుతున్నారు, చనిపోయినవాడి చిప్పుల్లోంచి బ్లైండ్లు లాగుతున్నారు. ఆ కుప్ప తరిగిపోవడం చూడలేక డెలియా చూపు తిప్పుకుంది.

ఎస్కాన్యో నవ్వాడు. "చెల్లెమ్మా, ఎనిమిది బ్లైండ్లతో ఏం చేస్తావు? ఇంటికెళ్ళి ఏడవరాదూ?"

ఆర్లీన్ తన చిప్పులు సర్దుకుంది. ముక్కలు పంచుతున్నది జోయ్‌లిన్ అనే డీలర్. ఎస్కాన్యో ప్రతిసారీ ఆర్లీన్ మీద పందెం పెంచాడు, రెండుసార్లు మాత్రం ముక్కలు పారేశాడు. తన వంతు వచ్చాక ఆర్లీన్ తెరిచి చూస్తే ఒకసారి రాజుల జత, ఇంకోసారి ఆసు, రాజు.

"ఆ రెండుసార్లూ డీలర్ పిల్ల ఎడమ చెయ్యి గుప్పిట మూసింది. పాపం, భయమేమో," అని గుసగుసలాడింది డెలియా.

లుమాబన్ ఆమెవైపు మెచ్చుకోలుగా చూశాడు.

అరగంటకి డీలర్ మారింది. పేక మాత్రం అదే. రెండో ఆటలోనే ఎస్కాన్యో మూడూ ఎనిమిదీ పట్టుకుని అంతా తోశాడు. ఆర్లీన్ తెరిచింది. రాణుల జత. తనూ ఉన్నదంతా తోసి గెలిచింది. ఆమె చిప్పులు రెట్టింపయ్యాయి, ఎస్కాన్యో మొహం నల్లబడింది.

విరామంలో లుమాబన్ ఆర్లీన్‌ని, ఎస్కాన్యోని, జోయ్‌లిన్‌ని పక్కగదిలోకి పిలిపించాడు. టోర్నమెంటు నడిపే హిలారియో పాంగన్ కూడా వచ్చి, వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు. తలుపు దగ్గర లుమాబన్ రప్పించిన పోలీసు ఇన్‌స్పెక్టరు.

"ఆర్లీన్ ముక్కలు ఆమే చూడలేదు, అయినా ఎస్కాన్యోకి తెలిశాయి. పేక మీద గుర్తులుంటే డీలర్ మారాక కూడా తెలియాలి. తెలియలేదు. కాబట్టి పంచేటప్పుడు అంచు ఎత్తి చూసింది జోయ్‌లిన్. పెద్ద ముక్కలు పడితే గుప్పిట మూసింది."

"నా ఆటే దూకుడు. భయపడేవాళ్ళు వంద కథలు చెబుతారు," అన్నాడు ఎస్కాన్యో.

"ఫ్లోరాంతె కథలు చెప్పలేదు, రాసిపెట్టాడు. మీరు మూడు టేబుళ్ళు మారారు. మూడింటికీ ఈ అమ్మాయే వచ్చింది. డీలర్ తన ఇష్టం వచ్చిన టేబుల్‌కి వెళ్ళడానికి లేదు కదా. జోయ్‌లిన్, నిన్ను పంపేదెవరమ్మా?"

ఆ అమ్మాయి చూపు పాంగన్ మీద ఒక్క క్షణం ఆగి నేల మీదికి జారింది.

"డీలర్ మోసం చేస్తే ఆటగాడు చెప్పుకోవాల్సింది టోర్నమెంటు నడిపేవాడికే. ఫ్లోరాంతె నియమం తప్పలేదు. నోట్‌బుక్ సంగతి ఆయనొక్కడికే చెప్పాడు. రాత్రి ఆ నోట్‌బుక్కే అడుగుతూ సందేశం వచ్చింది."

"ఊహలు. రుజువేది?" అన్నాడు పాంగన్.

జోయ్‌లిన్ గోడకి చేరగిలబడింది. "ఫ్లోరాంతెతో మెట్ల దగ్గర మాట్లాడి పంపేస్తానన్నారు పాంగన్ సార్. నన్ను అన్నం తినెళ్ళమన్నారు. నేను వెళ్ళి తిన్నాను. కిందపడ్డ చప్పుడు వినపడింది. అయినా తింటూనే ఉన్నాను."

ఇన్‌స్పెక్టరు పాంగన్ భుజం మీద చెయ్యి వేశాడు. ఎస్కాన్యో మొదటిసారి తల దించుకున్నాడు.

డెలియాకి లుమాబన్ తెలివి ఎంత గొప్పదో అక్కడే అందరికీ చెప్పాలనిపించింది. చెప్పలేదు, ఆర్లీన్ అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకుని ఉంది.

"అమ్మా, అన్నయ్య దూకలేదు. తోసేశారు. తోసినవాడు దొరికాడు."

అవతల అమ్మ గొంతు గదిలో అందరికీ వినపడింది.

"అయితే నేను తిట్టినందుక్కాదుగా?"

"కాదమ్మా."

"మళ్ళీ చెప్పవే."

"కాదమ్మా. నువ్వు తిట్టినందుక్కాదు."