ఏడింటికి ఆగిపోయే గొంతు

భర్త బండి సందు మలుపు తిరిగిన కాసేపటికి, ముందు గదిలో కంప్యూటరు ఎవరూ ముట్టుకోకుండానే గుర్రుమని లేచింది. రోజూ జరిగేదే. పొయ్యి మీద పాలు పొంగకుండా మంట తగ్గిస్తూ కోడలు అటే చెవి పెట్టింది. మామూలు రోజైతే ఈపాటికి అందులోంచి హెచ్చుతగ్గుల్లేని మగగొంతు ఒకటి, "అమ్మా, కాఫీ బండి బయల్దేరిందా, ఇంకా డిపోలోనే ఉందా?" అని అడగాలి. ఇవాళా అడగలేదు. మూడు రోజుల నుంచీ అడగడం లేదు.

అలా అడిగేది ఆమె మామగారు. బతుకంతా బస్సు కండక్టరుగా చేసిన మనిషి. వీధి పిల్లలకి రైట్‌రైట్ తాత. ఆయన కేకేస్తే వెనక సీటులో గుర్రు పెట్టేవాడు కూడా ఉలిక్కిపడి దిగాల్సిన చోట దిగేవాడు. అలాంటి గొంతుకి క్యాన్సర్ పట్టుకుంది. పోయిన ఏడాది ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. చేతుల వణుకు వల్ల కలం నిలవదు, ఫోనులో అక్షరాలు ఆ వేళ్లకి అందవు. చివరికి అటక మీది పాత కంప్యూటరు దించి, టైపు చేసింది పైకి చదివే ప్రోగ్రాం పెట్టించారు. పెద్దాయన కీబోర్డు మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మాట్లాడటం మొదలెట్టాడు. హాస్యాలతో సహా.

ఆ కంప్యూటరు ముసలిది. తెరిపి లేకుండా నడిస్తే వేడెక్కి మొరాయిస్తుంది. కొడుకు లిఫ్టు మెకానిక్కు, యంత్రాల సంగతి తెలిసినవాడు. దానికి వేళలు పెట్టాడు. పొద్దున తనంతట తనే లేస్తుంది. మధ్యాహ్నం ఒకసారి ఆగి మళ్లీ మొదలవుతుంది. సాయంత్రం ఏడింటికి ఆగిపోతుంది. ఆదివారం పూర్తిగా సెలవు. ఎంత బాగా ఆలోచించాడో అని ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు కూడా.

కోడలు పాలగ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. మూడు రోజులుగా తిండి ముట్టని పెద్దాయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"మామయ్యా, రెండు గుక్కలు తాగండి. మీ మీద ఒట్టు, మూడో గుక్క అడగను."

ఆయన గోడకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

"నామీద కోపమా? పోనీ తిట్టండి. లేచి వచ్చి ఆ కంప్యూటరు చేత తిట్టించండి."

ఆయన కళ్లు మూసుకున్నాడు. నిన్న డాక్టరు తేల్చి చెప్పేశాడు. రేపటికి కూడా నోట్లోకి ఏమీ వెళ్లకపోతే ఆస్పత్రిలో చేర్చి గొట్టం వెయ్యాలట. ఈ వయసులో, ఈ ఒంట్లో, అలా వెళ్లిన మనిషి తిరిగొస్తాడని మాటివ్వలేనన్నాడు.

ఇదంతా మొదలైన సాయంత్రం ఆమెకి బాగా గుర్తు. ఆవేళ పని తొందరగా ముగిసి భర్త పెందరాళే, ఏడు కావస్తుండగా వచ్చాడు. తండ్రి కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. కొడుకుని చూడగానే మొహం వెలిగిపోయింది. "ఒరే నాన్నా, కాసేపు ఇలా కూర్చో" అంది యంత్రం. తర్వాతి మాట కోసం ఆయన అక్షరాలు వెతుక్కుంటూ ఉండగానే తెర నల్లబడిపోయింది. కొడుకు బూట్లైనా విప్పకుండా పెరట్లోకి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున పెద్దాయన ఆఖరిసారి టైపు చేశాడు. "మావాడు ఇంట్లో ఉంటే నేను మాట్లాడకూడదా అమ్మా?"

"అదేం మాట మామయ్యా, మిషను పాతది కదా" అని నవ్వేసి కుట్టుపనిలో పడిపోయింది తను. మామగారి ఆ మాట ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంది. గ్లాసు పక్కన పెట్టి కంప్యూటరు దగ్గర కూర్చుంది. భర్త వేళలు పెట్టడం పక్కనుండి చూసిందే కనుక తెరవడం కష్టం కాలేదు. ఒక్కో వేళా చదివింది. లేచే వేళ భర్త బయల్దేరాక. మధ్యాహ్నం ఆగేది భర్త భోజనానికి వచ్చివెళ్లే వేళ. సాయంత్రం ఆగేది భర్త వచ్చేలోపు. భర్త ఇంటిపట్టున ఉండే ఆదివారం అసలు లేవనే లేవదు.

వెంటనే ఫోను చేసింది. "ఉన్నపళంగా ఇంటికి రండి."

"నాన్నకేమైంది?"

"రండి, చెప్తాను."

"లిఫ్టులో ఇద్దరు ఇరుక్కుపోయారు. వాళ్లని బయటికి తీసి వచ్చేస్తా."

ఆ తియ్యడం సాయంత్రం దాకా పట్టింది. ఈలోపు పాలు మూడుసార్లు వేడిచేసింది, మూడుసార్లూ పారబోసింది. అతను గ్రీజు చేతులతోనే ఇంట్లోకి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమండీ, ఈ కంప్యూటరు ఎందుకు ఆగిపోతుంది?"

"దీనికా పిలిచావు? వేడెక్కుతుందని చెప్పాగా."

"ఆదివారం పొద్దున్నే వేడెక్కుతుందా? మీ బండి చప్పుడు వింటే వేడెక్కుతుందా?"

అతను గ్రీజు చేతులు చొక్కాకి తుడుచుకోసాగాడు.

"కన్నతండ్రి నోరు నొక్కేశారు మీరు. ఆయనకది తెలిసిపోయింది. అందుకే తిండి మానేశారు. రేపు ఆస్పత్రికి పంపేద్దాం, అప్పుడిక ఇల్లంతా నిశ్శబ్దమే, హాయిగా ఉండండి."

"ఆ గొంతు వినలేనే." కుర్చీ పట్టుకుని అలాగే కిందికి జారి కూలబడ్డాడు. "నాన్న కాదది. అది నన్ను 'నాన్నా' అన్నప్పుడల్లా ఇంట్లోంచి పారిపోవాలనిపిస్తుంది. ఆపరేషన్ వద్దని కాళ్లావేళ్లా పడ్డారు నాన్న. గొంతు పోయాక నేనెందుకురా అన్నారు. బతికితే చాలని నేనే సంతకం పెట్టాను. ఆ మిషను మాట్లాడితే నా సంతకమే మాట్లాడుతున్నట్టుంటుంది. ఏ మొహం పెట్టుకుని ఎదురుగా కూర్చోను?"

వెనక చప్పుడైంది. పెద్దాయన గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో. కోడలు పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుని, తూలుతూ వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కీబోర్డు మీద వేళ్లు తడబడ్డాయి.

"నా గొంతంటే నీకు చీదర అనుకున్నా" అంది యంత్రం.

"నాన్నా, అలా అనకు" అన్నాడు కొడుకు నేలమీద నుంచే, తల వంచుకుని.

మళ్లీ వేళ్లు. చాలాసేపు.

"వద్దన్నది భయంతో. నువ్వు సంతకం పెడుతుంటే లోపల సంతోషించా. ఒక్కసారీ చెప్పలేదు. తప్పు నాది. ఒరే"

తెర నల్లబడింది.

ఏడైంది. తను పెట్టిన వేళ అతనికే గుర్తులేదు. ఒక్క ఉదుటున లేచి మీట నొక్కాడు. ముసలి యంత్రం మూలిగి ఊరుకుంది. మళ్లీ నొక్కాడు, అరచేత్తో పెట్టె మీద బాదాడు, తీగలు పీకి పెట్టాడు. "లే, లేవవే, నీకు దణ్ణం పెడతా" అంటూ దాన్నే బతిమాలాడు. ఎన్నో ఇళ్ల లిఫ్టులు లేపిన చేతులకి ఇదొక్కటీ లేవలేదు.

పెద్దాయన కొడుకు చెయ్యి పట్టుకుని ఆపాడు. గడ్డం కింద వేలు పెట్టి మొహం తనవైపు తిప్పుకున్నాడు. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ అతను తండ్రి మొహంలోకి ఇంత దగ్గరగా చూసింది లేదు. ఆ పెదవులు కదిలాయి. చప్పుడు లేదు, ఉత్త కదలికే. అతనికి అర్థం కాలేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. పెదవులు ఓపిగ్గా మళ్లీ కదిలాయి, చంటిపిల్లాడికి మాటలు నేర్పినట్టు.

"ఆకలా?" అన్నాడు అతను. "ఆకలంటున్నావా నాన్నా?"

పెద్దాయన తలూపాడు.

అతను తండ్రి ఒళ్లో తల పెట్టుకుని బావురుమన్నాడు. కాసేపటికి ఆ తడి మొహమే ఎత్తి భార్యవైపు తిరిగాడు.

"నాన్నకి ఆకలేస్తోందటే. నాకు వినబడింది."