నాలుగు వందల ఏళ్ల గోడ

ఆ పొద్దున ఆకాశం కుండ అడుగులా నల్లబడి ఉంది. ఎడారి అంచున మా ద్రా లోయలో వాన బార్లీకి ప్రాణం, మట్టి ఇళ్లకు చావు.

టెస్సా మా ఇంటి మూలగోడ ముందు నిలబడింది. పాత ఇళ్ల బొమ్మలు వేసుకోవడానికి ఆస్ట్రేలియా నుంచి వచ్చి నెలయింది. అరబ్బీ నేర్చుకునే వచ్చింది. భోజనం మా ఇంట్లోనే. మా అమ్మ మాంసం పంచేటప్పుడు మొదటి ముక్క ఆమెకే పెట్టేది. అతిథికి అది మర్యాద. అతిథి లేనప్పుడు ఆ ముక్క నాది.

వచ్చిన రోజే ఇల్లు ఎప్పటిదని అడిగింది. నాలుగు వందల ఏళ్లన్నాను.

"మా ఊళ్లో అన్నిటికన్నా పాతది పోస్టాఫీసు. నూట పదేళ్లు."

"అయితే దానికింకా పాలపళ్లే."

నవ్వింది. ఆ నవ్వు కోసం నెలంతా మాటలు వెతుక్కున్నాను.

ఆ పొద్దున నవ్వలేదు.

"ఇదిర్, ఇదెవరి చెయ్యి?"

పూతలో అయిదు వేళ్ల అచ్చు.

"నాదే. ముందటేడు కూలితే మళ్లీ పెట్టాను."

"ముందటేడా? రోజూ దీన్నే తడిమాను. నాలుగు వందల ఏళ్లదని ఇంటికి రాశాను కూడా."

"గోడ నేను పెట్టిందే. ఇల్లు నాలుగు వందల ఏళ్లది."

"అదెట్లా?"

"కూలిన మట్టినే తొక్కి మళ్లీ పెడతాం. మా నాన్నా అంతే, తాతా అంతే. గోడ వయసు ఇక్కడెవరూ అడగరు."

"నేనడిగానుగా. ఇంకా ఏమేం చెప్పలేదు నాకు?"

చెప్పనిది ఒకటుంది. ఆమె సంచి సర్దుకుని మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయింది.

వెనకే వాన. చేతి అచ్చుతో సహా ఆ మూల కూలింది.

తెరిపిచ్చాక అమ్మా నేనూ గడ్డి కలిపి మట్టి తొక్కుతుంటే వాకిట్లో సంచి దించిన చప్పుడైంది.

"బస్సు రాలేదా బిడ్డా?" అంది అమ్మ.

"వచ్చింది. వెళ్లిపోయింది."

టెస్సా చెప్పులు విడిచి మట్టిలో దిగింది.

"ఎంతసేపు తొక్కాలి?"

"గడ్డలు కాలికి తగలడం మానేదాకా."

తలెత్తకుండానే అన్నాను. "వెళ్లకు. నేను చెప్పనిది అదే."

ఆమె తొక్కడం ఆపలేదు. నా పక్కకు జరిగింది.

పొద్దుగూకాక ముగ్గురం ఒకే పళ్లెం చుట్టూ కూర్చున్నాం. మళ్లీ మబ్బు పడుతోంది. కూలిన మూలలోంచి చలి కొడుతోంది.

అమ్మ మాంసం తుంచింది. మొదటి ముక్క నా ముందు పెట్టింది. ఆ తర్వాతిది టెస్సా ముందు.

టెస్సా అమ్మ వంక చూసి తల వంచుకుంది. తిన్నాం.