నీళ్ళు కాచిన మనిషి

మా రాచర్ల మండలంలో తియ్యటి నీళ్ళంటే కోటేశ్వర్లు బావి నీళ్ళే. తక్కిన బోర్లన్నీ ఉప్పు. ఆ బావి నీళ్ళు పోసి కుండ పెడితే, అగ్గిపుల్ల గీయకముందే కందిపప్పు మెత్తబడుతుంది. ఒకసారి గిద్దలూరు బస్సు మా ఊరి దగ్గర పొగలు కక్కుతూ ఆగిపోతే, డ్రైవరు ఆ నీళ్ళు ఒక బిందె ఇంజనులో పోశాడు. అంతే, డీజిలు లేకుండానే బస్సు గిద్దలూరు దాటి నంద్యాల దాకా పోయింది. ఆపడానికే కష్టమైందట. నేను వెంకటసుబ్బయ్యను. కోటేశ్వర్లుకు వరసకు చిన్నాయనను, పక్క చేను నాది. పుట్టిన నాటి నుంచీ ఆ నీళ్ళే తాగుతున్నాను. ఇంతవరకు సూదిమందు ఎట్లా ఉంటుందో నా ఒంటికి తెలియదు.

కార్తీకంలో ఆ పొద్దున కూడా ఎప్పటిలాగే కోటేశ్వర్లు బావిలో చేద వేసి, తొలి చెంబు కూతురు తనూజ కోసం పట్టుకొచ్చాడు. తనూజది మార్కాపురంలో కాపురం. భర్త విఘ్నేష్‌కు అక్కడ పలకల దుకాణం. శ్రీమంతం చేయించుకుని తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది.

కోటేశ్వర్లు భార్య కోటిరత్నం గడపలోనే చెంబు అందుకుంది. “నిండు మనిషికి పరగడుపున పచ్చినీళ్ళు పడవు. ఇట్లా ఇవ్వు,” అని వంటింట్లోకి పట్టుకుపోయింది.

“పచ్చినీళ్ళేందే? అమృతం అది!” అని నవ్వాడు కోటేశ్వర్లు.

కూతురు వస్తున్నదని ఆయన కొత్తగా మరుగుదొడ్డి కూడా కట్టించాడు. పిల్ల బిందె మోసుకుంటూ దూరం నడవకూడదని బావి పక్కనే కట్టించాడు. దాని మురికి గుంటకు నేలలోకి సిమెంటు వరలు దించి, పైన మార్కాపురం బండ పరిపించాడు. “గుంట బావికి మరీ దగ్గరైతది పెద్దాయనా,” అని మేస్త్రీ గొణిగితే, “నా బిడ్డకు దగ్గర కావాలనే గదయ్యా కట్టించేది,” అన్నాడు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. మిరపచేలో కలుపుకు వచ్చిన కూలీలు ఆ దొడ్డే వాడారు, ఆ నీళ్ళే తాగారు. కొన్ని వారాలకు ట్రాక్టరు తోలే గోవర్ధన్‌కు జ్వరం తగిలి కళ్ళు పచ్చబడ్డాయి. ఆ తర్వాత ఇద్దరు ఆడకూలీలు మంచమెక్కారు. ఆ తర్వాత నేను. సూదిమందు ఎరగనన్నాను చూడండి, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. గిద్దలూరు ఆసుపత్రిలో నా రెండు చేతులూ పొడిచి పొడిచి, చోటు చాలక కాళ్ళ వంక చూశారు. నా కళ్ళు బంతిపూలయ్యాయి. పండక్కి గుమ్మానికి కట్టుకోవచ్చు.

నేను ఇల్లు చేరిన రోజే ఆసుపత్రి నర్సు సంధ్యారాణి మోపెడ్ మీద వచ్చింది. ఒంగోలు అవతల పుట్టిన మనిషి, మాటలో ఆ వేగముంది. బావి నీళ్ళు పరీక్షకని సీసాలో పట్టుకుని, కోటేశ్వర్లుతో అంది:

“ఇవి నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు పెద్దాయనా. వైరస్. కంటికి కనబడదు. కడుపుతో ఉన్నవాళ్ళకు సోకితే తల్లికీ బిడ్డకీ కూడా ప్రాణం మీదికొస్తుంది. నీళ్ళు కాచుకోండి. బాగా కాచుకోండి!”

ఇంకో ఊరు పోవాలని బండి తిప్పేసింది.

ఇక్కడ మా ఊరి మాట ఒకటి చెప్పాలి. మావైపు నీళ్ళను కాగబెడతారు. కాసేది చేనును, మందను. ఆ పూటే కోటేశ్వర్లు దుడ్డుకర్ర, టార్చిలైటు తీసుకుని బావి దగ్గరికి మంచం మోశాడు. వానకు నేలంతా బురద. పొడిగా ఉన్నది ఒక్క బండే. దాని మీద మంచం వేసుకుని కూర్చున్నాడు.

“ఏందిరా కోటయ్యా, బావిని ఎవడన్నా చంకన పెట్టుకొని పోతాడా?” అన్నాను.

“నర్సమ్మ చెప్పింది గదా చిన్నాయనా, నీళ్ళు కాచుకోమని. ఎవడో నా బావి మీద కన్నేసినాడు. నా బిడ్డ తాగే నీళ్ళు! రెప్ప వేస్తే ఒట్టు.”

“కరోనా అయితే మూతికి గుడ్డ కట్టుకుంటిమి. బావి మూతికి ఏం కడతావు?”

“నేనున్నా గదా,” అన్నాడు.

నవ్వాను గానీ, నాకూ ఆ మాట అట్లాగే అర్థమైంది. అప్పటి నుంచి ఆయన అన్నం కూడా ఆ మంచం మీదే. ఒక కుక్కను, రెండు మేకలను, బిందెతో వచ్చిన ఒక పెళ్ళికూతురిని అదిలించాడు.

ఒక ఉదయం మార్కాపురం నుంచి ఆటో వచ్చి ఆగింది. కామెర్ల కబురు విన్న వియ్యపురాలు పద్మావతి దిగింది. కోటేశ్వర్లు మర్యాదగా కాళ్ళకు చెంబు, తాగడానికి గ్లాసు తెచ్చిపెట్టాడు. ఆవిడ కాళ్ళు కడుక్కుంది. గ్లాసు ముట్టలేదు. వెనక్కి తిరిగి సైగ చేస్తే, ఆటో అబ్బాయి పెద్ద మినరల్ వాటర్ టిన్ను దించి వసారాలో పెట్టాడు.

“ఏమీ అనుకోవద్దన్నా,” అంది పద్మావతి. “కోడల్ని తీసుకపోదామని వచ్చినా. సర్దుకునేదాకా ఈ నీళ్ళు తాగుతాది.”

“నా ఇంటికి నీళ్ళు మోసుకొని వచ్చినావా చెల్లెమ్మా?” అన్నాడు కోటేశ్వర్లు. “నీళ్ళ కోసం మండలమంతా నా గడప తొక్కింది!”

“తొక్కినోళ్ళ కళ్ళు ఎట్లున్నాయో చూస్తన్నా గదన్నా,” అంటూ ఆవిడ నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను.

“తొలికాన్పు పుట్టింట్లో కాకపోతే ఊళ్ళో నా తల యాడ పెట్టుకోవాల?”

“నీ తల సంగతి తర్వాత. ఆ పిల్ల కడుపులో ఉన్న తల సంగతి చూడు ముందు.”

“అట్ల మాట్లాడొద్దు. రేయింబవళ్ళు నీళ్ళు కాస్తన్నా! నా కంట్లో ఒత్తులేసుకొని కాస్తన్నా!”

పద్మావతి టౌను మనిషి, ఆ మాటకు కాస్త మెత్తబడింది. “కాస్తన్నావా? యాడ?”

“యాడేంది, బావి కాడ.”

“బావి కాడ పొయ్యి పెట్టినావా?”

“పొయ్యేంది? మంచం ఏసినా.”

తనూజకు ముందు నవ్వొచ్చింది. తండ్రి ఎర్రబడ్డ కళ్ళు చూసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

“నాయనా... కాచుకోమంటే కాపలా కాదు. కాగబెట్టుకోమని.”

కోటేశ్వర్లు భార్య వైపు తిరిగాడు. “నిజమా రత్నం?”

కోటిరత్నం చీరాల పిల్ల. కొంగు చివర నలుపుతూ నిలబడింది. “మావైపు అట్లాగే అంటారు. నువ్వు బావి కాడ కాస్తుంటే, నేను పొయ్యి మీద కాస్తానే ఉన్నా. అమ్మాయి వచ్చిన కాడినుంచి పచ్చినీళ్ళు దాని నోట్లో పడనియ్యలా. నర్సమ్మ చెప్పినాక నీక్కూడా కాచినవే పోస్తన్నా.”

“మరి నాతో ఒక్క మాట అనకపోతివే!”

“ఏమని అనేది? నీ నీళ్ళను నేను నమ్మడంలేదని చెప్పనా? ఆ బావి మీద ఈగ వాలితే నీ మీద వాలినట్టే గదయ్యా నీకు.”

ఆయన వసారా మెట్టు మీద కూలబడ్డాడు. తనూజ మెల్లగా వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని బావి దగ్గరికి నడిపించింది. మేమందరం వెనకే పోయాం.

“నాయనా, మంచం దేని మీద ఏసినావు?”

“బండ మీద.”

“బండ కింద ఏముంది?”

కోటేశ్వర్లు చూశాడు. మంచం పట్టె నుంచి బావి గట్టు దాకా ఒక ఎద్దు పడుకునేంత చోటు కూడా లేదు. వంగి బావిలోకి చూస్తే, గుంట ఉన్న వైపు గోడ నల్లగా చెమ్మగిల్లి చుక్క చుక్క కారుతోంది. దొంగ మీదే మంచం వేసుకుని దొంగ కోసం కాచాడన్నమాట.

“నీకు దగ్గర కావాలనే గద తల్లీ కట్టించినా...” అన్నాడు. చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. పొలం ఎండినప్పుడు కూడా ఏడవని మనిషి.

“నాకు తెలుసు నాయనా,” అని ఆయన తల తన భుజానికి ఆనించుకుంది తనూజ.

కాసేపటికి ఆయనే లేచి పోయి కూతురి సంచి తెచ్చి ఆటోలో పెట్టాడు. “తీసుకపో చెల్లెమ్మా. పుట్టింటి మర్యాద కంటే పిల్ల ముఖ్యం.”

పద్మావతి ముక్కు చీదుకుంది. “నీ మర్యాద నేనెందుకు తీస్తానన్నా? ఆసుపత్రి ఎట్లాగూ మార్కాపురంలోనే. నెలలు నిండంగానే నువ్వూ వదినా వచ్చి మా మిద్దె మీద ఉండండి. మీరు యాడుంటే అదే దానికి పుట్టిల్లు.”

మార్కాపురంలో రక్తం పరీక్ష చేయించారు. తనూజకు ఏమీ అంటలేదు. నర్సు పట్టుకుపోయిన సీసాలో మాత్రం దొడ్డి మురికి కలిసిందని తేలింది. ఆ కబురు అందిన రోజు కోటేశ్వర్లు గోవర్ధన్ ఇంటికి, కూలీల ఇళ్ళకు తానే నడిచి పోయి, “తప్పు నా బావిదే, నాదే,” అని చెప్పి వచ్చాడు. అందరూ కోలుకునేదాకా ఆసుపత్రికి తన బండి మీదే తిప్పాడు. పాత గుంట తోడించి పూడ్పించాడు. కొత్తది పల్లం వైపు, చేను చివర తవ్వించాడు. బావి నీళ్ళు ఎత్తిపోయించి మందు చల్లించాడు. అయినా కాగబెట్టని నీళ్ళు ఆ ఇంట్లో ఎవరూ తాగడం లేదు. దుడ్డుకర్ర పొయ్యిలోకి పోయింది.

ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా ఊరికి వచ్చిన రోజు పద్మావతి కూడా వెంట వచ్చింది. ఆటోలో టిన్ను లేదు. కోటేశ్వర్లు గ్లాసుతో నీళ్ళు తెచ్చి, ఇవ్వాలా వద్దా అన్నట్టు గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడే చెయ్యి చాపి తీసుకుని, గటగటా తాగి, “నీ నీళ్ళు తియ్యగా ఉన్నాయన్నా,” అంది.

బస్సు సంగతి నమ్మడం మానడం మీ ఇష్టం గానీ, ఈ చివరి మాట మాత్రం నేను కల్పించిందే. కాగిన నీళ్ళు ఎక్కడన్నా తియ్యగా ఉంటాయా? చప్పగా, పొగ వాసనేస్తూ ఉంటాయి. ఆవిడ ఏమీ అనలేదు. గ్లాసు ఖాళీ చేసి, ఇంకాసిని పొయ్యమని కోటేశ్వర్లు ముందుకు చాపింది.