మూడో ఫ్లెక్సీ

ధరణికి అత్తగారి మీద ఉన్న ఫిర్యాదులు అన్యాయమైనవేమీ కావు. మిగతా ఇళ్ళల్లో అత్తలు కోడలి వంటకు వంకలు పెడతారు. ఆదిలక్ష్మమ్మ మునిసిపాలిటీకి పెడుతుంది. పులుసులో ఉప్పు మరిచిపోయినా గమనించదు గానీ, ఎదురు సందులో వీధిలైటు పట్టపగలు వెలుగుతుంటే గమనిస్తుంది. అలాంటి అత్తకు రోజూ వండిపెట్టడానికి ఏ కోడలికైనా ఉత్సాహం ఎక్కడి నుంచి వస్తుంది? పైగా మిగతా అత్తలు సీరియల్ చూసి ఏడిస్తే ఈమె బడ్జెట్ ప్రసంగం చూసి నవ్వుతుంది. చిత్తూరు మొత్తంలో ఇంత కష్టం ఏ కోడలికీ లేదని ధరణి నమ్మకం.

ఆదిలక్ష్మమ్మ ఇంటర్నెట్‌లో ‘వీధి అసెంబ్లీ’ అనే బ్లాగు రాస్తుంది. భర్త పోయాక పొద్దుపోక మొదలుపెట్టిందని బంధువులంటారు. ఆయన ఉన్నప్పుడు ఇవే మాటలు ఆయనకు చెప్పేదనీ, వినేవాళ్ళు మారారు తప్ప మాటలు మారలేదనీ ధరణికి తెలుసు. ఫోన్‌లో ఒక్క వేలితో టైపు చేస్తుంది. ఆమె ఏ పార్టీ మనిషీ కాదు. అందుకని ప్రతి పార్టీవాళ్ళూ ఆమెను అవతలి పార్టీ మనిషి అంటారు.

ఆ గురువారం పొద్దున ధరణి ఇడ్లీ పాత్ర దించుతుంటే ఆదిలక్ష్మమ్మ చీరలు చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఆదివారం తిరుపతిలో సభ. తమంతట తాము రాజకీయాలు రాసుకునే తెలుగు బ్లాగర్లు ఏడాదికోసారి ఒకచోట చేరి, ఆ ఏడాది తమలో ఎవరు ఏది బాగా రాశారో ఎంచుకుని సంబరం చేసుకుంటారు. ఈసారి ఎంచినవాటిలో ఆమె రాసినదీ ఒకటుంది.

“నీలంది కట్టుకో అత్తా, బాగుంటాది.”

“నీలం ఒక పార్టీది మే.”

“అట్లయితే ఆకుపచ్చ.”

“అదీ అంతే.”

“పసుపు అడగను. తెల్లది ఉండాది కదా.”

“తెల్లది కడితే నన్నే లీడరు అనుకుంటారు.”

ఆ సమస్య తేలకముందే హరినాథ్ లోపలికొచ్చాడు. హరినాథ్ ఆమె కొడుకు. బస్టాండు దగ్గర ఫ్లెక్సీల షాపు. ఊళ్ళో ఎవరికి పుట్టినరోజైనా, పదవి వచ్చినా, పోయినా, ప్రాణమే పోయినా, ఆ ముఖం ముందుగా అతని షాపులో వెలుస్తుంది. షాపు తాళాలు బల్ల మీద విసిరిన తీరు చూసి ధరణి ఇడ్లీ ప్లేటు కాస్త దూరంగా పెట్టింది.

“మునిరామన్న పుట్టినరోజు ఫ్లెక్సీలు పోయినాయి. వేరే షాపుకిచ్చినాడు.”

“పోనీలేరా. ఊరికి ఇంత ఆకాశం కనబడ్తాది,” అంది ఆదిలక్ష్మమ్మ.

“నవ్వులాట కాదు మా. మీవాళ్ళు ఆ జాబితా పెట్టినప్పట్నించి నీ పోస్టు అందరి ఫోన్లల్లో తిరగతా ఉండాది. నా షాపులో కూర్చోనే నాకే పంపిస్తా ఉండారు, సూడు సూడు అని.”

ఆ పోస్టు పుట్టింది పాకాల పక్క పల్లెలో, ఆమె వదినె వసంతమ్మ పశువుల కొట్టంలో. ఎన్నికలయ్యాక దించేసిన ఫ్లెక్సీలు ఎండకూ వానకూ ఆ కొట్టానికి పైకప్పయ్యాయి. ఎండాకాలంలో అక్కడికి వెళ్ళిన ఆదిలక్ష్మమ్మ మంచం మీద వెల్లకిలా పడుకుని పైకి చూసింది. లీడరు మునిరామయ్య కనిపించాడు. మూడు ఎన్నికలు, మూడు రంగులు, ఒకే ముఖం, కింద ఒకే మాట: వచ్చే ఎండాకాలానికి ఇంటింటికీ కుళాయి. చూసింది చూసినట్టు రాసింది.

“నేనేం రహస్యం రాసినానురా? నువ్వు ప్రింటు కొట్టి నడిబజార్లో కట్టిందే కదా.”

“రెండుసార్లు ఆ మాటిచ్చినాను, నిజమేనంటాడు మునిరామన్న. మూడోసారి ఇయ్యనేలేదంట. మూడోది మీయమ్మ కల్పించిందని నలుగుర్లో అన్నాడు.”

ఆదిలక్ష్మమ్మ చేతిలోని చీరల్ని మడతల మీద మడత పెట్టింది. తిట్లు ఆమెకు కొత్త కాదు. ముసల్దానివి, మూల కూర్చోలేవా అని రాసేవాళ్ళకు, మూలనుంచే రాస్తున్నా నాయనా అని బదులిచ్చేది. కల్పించింది అనే మాట మాత్రం ఇంతవరకూ ఎవరూ అనలేదు.

“మూడూ నువ్వేసినవే కదా. నువ్వే చెప్పు. ఆ మాట ఉండిందా, లేదా?”

హరినాథ్ తువ్వాలు కోసం చూశాడు. అది అతని భుజం మీదే ఉంది.

“నాకు గుర్తులేదు మా. ఎన్ని వేస్తాను, ఎవురికి గుర్తుంటాది? కంప్యూటర్లో కూడా పాతవన్నీ తీసేసినాను.”

ఆమె వెంటనే వసంతమ్మకు ఫోన్ చేసింది. ఫ్లెక్సీలు లేవు. ముందురోజే మునిరామయ్య మనుషులొచ్చి పాతవన్నీ పీకేసి, కొట్టానికి కొత్త రేకులు వేయించి పోయారు. “నీ పుణ్యాన మా బర్రె రేకుల కింద పడుకోనుండాది ఆదీ, ఇంకో పోస్టు రాస్తే వాకిలికి కూడా ఏస్తారేమో,” అని వసంతమ్మ సంతోషపడింది.

“ఫోటో తీయలేదా అత్తా?” అంది ధరణి.

“రెంటికి తీసినా మే. మూడోది బర్రె నెత్తిన ఉండింది. అది నన్ను దగ్గరికి రానిస్తే గదా.”

ఆ మాటకు ఇంకెప్పుడైనా అయితే ముగ్గురూ నవ్వేవాళ్ళు. ఆరోజు ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత ఆదిలక్ష్మమ్మ ఇంట్లో ఒకచోట నిలవలేదు. హాల్లో కూర్చుంటుంది, లేస్తుంది, పోస్టు తెరిచి చదువుతుంది, ఫోన్ బోర్లా పెడుతుంది. కిందటేడు శుక్లం తీసిన కుడి కన్నును చేత్తో మూసుకుని గోడ మీది కాలెండర్ చదివింది. ఆ తర్వాత ఎడమది మూసుకుని చదివింది. ధరణిని వాకిట్లోకి పంపి, ఎదురు మందుల షాపు బోర్డు మీద ఏముందో తాను ఇంట్లోంచి చదువుతాను, సరేనా కాదా చెప్పమంది. అన్నీ సరిగ్గానే చదివింది. అయినా నమ్మకం కుదరలేదు.

“రెండు చూసినాక మూడోది చూడకుండానే చూసినాననుకున్నానేమో మే. మనసు అట్లా చేస్తాది.”

“నువ్వా? పక్కింటోళ్ళ కరెంటు బిల్లు కూడా రెండుసార్లు చూసేదానివి.”

“కన్ను మీద నమ్మకం లేనిది ఊరి మీద రాయకూడదు. ఆదివారం పోతాను. అందరి ముందర చదివి, ఇది తప్పయుండొచ్చు, నా పేరు తీసెయ్యండని చెప్తాను. ఆ తర్వాత బ్లాగు మూసేస్తాను.”

ఆ మాట హరినాథ్ చెవిన పడింది. బ్లాగు మూసెయ్యొద్దని కొడుకు అంటాడేమోనని ఆమె చూసింది. “నేనే వ్యాన్లో తీసకపోతాలే మా,” అన్నాడతను. శనివారం పొద్దునకల్లా మునిరామయ్య మనిషి కబురు కూడా పంపాడు: పెద్దామె సభలో తప్పని ఒప్పుకుంటే ఆర్డర్ మళ్ళీ ఇక్కడికే వస్తుందట.

మధ్యాహ్నం ధరణి క్యారియర్ తీసుకుని షాపుకు వెళ్ళింది. హరినాథ్ కంప్యూటర్ ముందు హడావుడిగా ఉన్నాడు. ఎవరో పెద్దాయన పోయాడట, సాయంత్రానికి ఫ్లెక్సీ కట్టాలి. అదే ఇంటికి మొన్న ఆయన షష్టిపూర్తికి వేసిన డిజైన్ తెరిచి, బంతిపూల రంగంతా తీసేసి నలుపు చేశాడు. ఫోటోకు దండ వేశాడు. దీపం పెట్టాడు. ప్రింటు నొక్కబోతుంటే ధరణి క్యారియర్ బల్ల మీద పెట్టి తెర వైపు వేలు చూపించింది.

“కింద చదవండి.”

దండ వేసిన పెద్దాయన కింద, ‘ఇలాంటి వేడుకలు మరెన్నో జరుపుకోవాలని కోరుకుంటూ’ అని ఉంది.

“అయ్యో,” అని హరినాథ్ గబగబా ఆ మాట తుడిచేశాడు. “పాతది తెరిచి ముఖమూ రంగూ మారస్తాం. కింద లైను ఒక్కోసారి అట్లనే ఉండిపోతాది.”

ధరణి స్టూలు లాక్కుని కూర్చుంది.

“మునిరామన్న మూడోదీ ఇట్లనే ఉండిపోయిందా?”

హరినాథ్ మౌస్ మీద చెయ్యి తీయలేదు.

“గుర్తుండాది కదా మీకు.”

“ఆరోజు ఫోన్ చేసినాడు,” అన్నాడు తెరవైపే చూస్తూ. “హరీ, పాతదే ఎయ్యి, రంగు మార్చు, పైన పెద్దోళ్ళ ఫోటోలు మార్చు అన్నాడు. మార్చినాను. కింద లైను మరిచిపోయినాను. ఆయనా సూసుకోలేదు, ఊరంతా కట్టించుకున్నాడు. ఇప్పుడు నేను చెప్తే ఏమంటాడు? నేననని మాట నా ముఖం కింద పెట్టినావా అంటాడు. జిల్లాలో ఇంకెవురూ నాకు ముఖం ఇయ్యరు ధరణీ.”

“అందుకని అమ్మ కన్ను మీదికి తోసినారు.”

“నేను కన్ను మాటెత్తలేదే. గుర్తులేదన్నాను, అంతే.”

“ఆమె ఇంట్లో ఒక కన్ను మూసుకోని కాలెండర్ చదవతా ఉండాది. మీరు చెప్తారా, నేను చెప్పాలా?”

“నేనే చెప్తా. నన్నే చెప్పనియ్యి.”

ఆ సాయంత్రం అతను చెప్పలేదు. ఆదివారం పొద్దున వ్యాన్ ఎక్కేటప్పుడూ చెప్పలేదు. పాకాల దాటినా చెప్పలేదు. ఆదిలక్ష్మమ్మ చివరికి ఏ పార్టీకీ చెందని మట్టిరంగు చీర కట్టుకుని, కిటికీలోంచి దారి పొడవునా ఫ్లెక్సీలు చదువుతూ కూర్చుంది. ఒక్కోటి దాటాక, “అది కరెక్టేనా మే?” అని కోడలిని అడిగింది. డ్రైవర్ సీట్లో హరినాథ్ హారన్ అవసరం లేనిచోట కూడా కొట్టాడు.

సభ అలిపిరి రోడ్డులో ఒక లాడ్జి మేడమీది హాల్లో. వేదిక లేదు, శాలువాలు లేవు. ఈ సంబరానికి వాళ్ళు పెట్టుకున్న పద్ధతే వేరు. ఎంచిన పోస్టును రాసినవాళ్ళే నిలబడి చదవాలి. తప్పులు పట్టేవాళ్ళకు ముందు వరుస. చివరిదాకా ఎవరూ తప్పు పట్టలేకపోతే అప్పుడు చప్పట్లు. సభ నడిపే భానుచందర్ వచ్చినవాళ్ళను ఆ సంగతి చెప్పి మరీ కూర్చోబెడుతున్నాడు.

రూపశ్రీ అనే అమ్మాయి మంత్రి రాకకు వేసిన రోడ్డు గురించి చదివింది. కారు వెనక్కి తిరిగే మలుపు దాకా తారు, ఆ తర్వాత పాత గుంతలు. తాను వెళ్ళని గ్రామసభలో తన సంతకం చూసుకున్న సంగతి ఒక రైతు చదివాడు. ముందు వరుస అడిగింది, వాళ్ళు చెప్పారు, చప్పట్లు మోగాయి. ఇలాంటివాళ్ళు ఇంతమంది ఉన్నారా అని ధరణికి ఆశ్చర్యం వేసింది. తన అత్తలాంటిది ఒక్కతే అనుకుని ఇన్నాళ్ళూ అనవసరంగా దిగులుపడింది.

ఆదిలక్ష్మమ్మ లేచింది. హరినాథ్ గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“మా వదినె కొట్టంలో పడుకుంటే పైకప్పంతా మునిరామయ్యగారే. మూడుచోట్ల నుంచి నన్ను చూస్తున్నారు. రంగు మూడుసార్లు మారింది. జుట్టు ఎన్నికకింత నల్లబడింది. మారనిది కింది మాట ఒక్కటే, ఇంటింటికీ కుళాయి అని. సరిగ్గా ఆ మాట కింద మా వదినె బిందె పెట్టుకుంది. ఎందుకు వదినా అంటే, వానొస్తే ఆ చిరుగులోంచి కారుతుంది అంది. ఆ లెక్కన ఆయన మాట తప్పాడనలేం...”

హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. ఫోన్ దించి, కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది.

“ముందు వరుసవాళ్ళు అడగకముందే నేనే చెప్పాలి. మూడో ఫ్లెక్సీలో ఆ మాట లేదంటున్నారు. రుజువు నా దగ్గర లేదు. నా కంటికి ఆపరేషన్ అయింది. చూశాననుకున్నాను. నేను పొరబడి...”

“కన్ను బాగానే ఉండాదమ్మా.”

తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి. హరినాథ్ చెయ్యెత్తి నిలబడ్డాడు.

“ఎవరు బాబూ మీరు?” అన్నాడు భానుచందర్.

“ఆమె కొడుకుని. ఆ ఫ్లెక్సీ వేసింది నేనే. ఆ మాట ఉండింది. ఆయన పెట్టమన్లేదు, తీసెయ్యమనీ అన్లేదు. పాతదాన్నే రంగు మార్చి వేసినాను. కింద మాట తీసేది మరిచిపోయినాను. మా అమ్మ ఉండింది ఉన్నట్టే చదివింది.”

ముందు వరుసలో ఒకాయన ఏదో రాసుకున్నాడు. ఆదిలక్ష్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని కొడుకును చూసింది. కుడి కన్ను మూసుకోలేదు, ఎడమదీ మూసుకోలేదు.

“ఈ సంగతి పోస్టు కింద చేర్చాలమ్మా,” అన్నాడు భానుచందర్ మెల్లగా.

“చేరుస్తాను. ఆయన అనని మాటని ఆయనకు అంటగట్టకూడదు,” అని, ఆమె మళ్ళీ గుమ్మం వైపే చూసింది. “గుర్తులేదన్నావు కదరా.”

హరినాథ్ తల వంచుకుని ఏదో అన్నాడు.

“ముందు వరుసకు వినపడలేదు,” అంది ఆదిలక్ష్మమ్మ. “తప్పు పట్టేది వాళ్ళే.”

హరినాథ్ గోడను వదిలి, కుర్చీల మధ్య నుంచి తల్లి నిలబడ్డ చోటికి నడిచొచ్చాడు.

“గుర్తుండిందమ్మా. మొదట్నించీ గుర్తుండింది. నువ్వు కన్ను మూసుకోని కాలెండర్ చదవతా ఉంటే, సూస్తా కూడా చెప్పలేదు. తప్పు నాది.”