తడినేల మీద మూడో అడుగు

సబ్‌వే మెట్ల మీద కొరియర్ బోర్లా పడి ఉన్నాడు. మెడ వెనక సూది గుచ్చిన చుక్క. హెడ్‌ఫోన్స్‌లో పాట ఇంకా మోగుతోంది. చంపేవాడు వెనకాలే నడిచి వచ్చినా వినబడలేదు. చచ్చేవాడికి సంగీతం కావలసి వచ్చింది.

"రేపు వాడి పని నీ మేనకోడలు చేస్తుంది" అన్నాడు చీఫ్ ఏజెంట్ డేగతో.

రహస్య సందేశాలు విప్పే సైఫర్ కీ ఆమె సంచిలో ఉంటుంది. అదే సబ్‌వే దాటించి హెడ్డాఫీసుకు చేర్చాలి. వెనక డేగ కాపలా. కంట్రోల్ రూమ్‌లో కెమెరాలు చూస్తూ దారి చెప్పేది నెమలి. పరాయి ముఠాను వదిలి మనవైపు వచ్చిన అందగత్తె. ఫోన్‌లో ఆమె గొంతు వింటే గుమాస్తాలు కూడా జుట్టు సర్దుకుంటారు.

డేగకు ఆ పిల్ల తప్ప ఎవరూ లేరు. అక్క పోతూ పోతూ చేతిలో పెట్టింది. ఈ ఉద్యోగం వద్దని మొత్తుకున్నా వినలేదు. తీరా పొద్దున చెవులకు వైరున్న పెద్ద హెడ్‌ఫోన్స్ తగిలించుకుని వచ్చింది.

"తీసెయ్. నిన్న వాడి గతి చూశావుగా."

"మారువేషం మావయ్యా. కాలేజీ పిల్ల చెవులు ఖాళీగా ఉంటే అనుమానం రాదూ?"

"వెనక ఎవడొస్తున్నాడో మీ తాత వింటాడా?"

ఆమె నవ్వి ముందుకు నడిచింది.

సబ్‌వే నేల తడిగా ఉంది. జనం పలచగా ఉన్నారు. డేగ చెవిలో ఇయర్‌పీస్. మిషన్ ముగిసేదాకా దాన్ని తీయకూడదన్నది డిపార్ట్‌మెంట్ రూలు. నెమలి ఆపకుండా చెబుతూనే ఉంది. ముందు స్తంభం దగ్గర ఊడ్చేవాడు మనవాడే, ఎడమ మెట్లు ఖాళీ, వెనక ఎవరూ లేరు. ఆ గొంతుతో అతని చెవి నిండిపోయింది.

ముందు పిల్ల చటుక్కున వెనక్కి తిరిగింది.

"మావయ్యా, వంగు."

అచ్చం అక్క గొంతు. ఆలోచించకుండా వంగాడు. గొడుగు మొనకున్న సూది అతని తల మీదుగా పోయి గోడకు తగిలి విరిగింది. ముందు కాపలా, తర్వాత కీ. అదీ పరాయి ముఠా లెక్క. డేగ గిరుక్కున తిరిగి, గొడుగు పట్టుకున్న రబ్బరు బూట్ల మనిషి మణికట్టు విరిచి బేడీలు వేశాడు.

చెవిలో గొంతు ఆగిపోయింది. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు మాత్రం వినిపించింది.

డేగ చీఫ్ లైన్ నొక్కాడు. "కంట్రోల్ రూమ్ తలుపుకు బయట గడియ పెట్టించండి. ఇప్పుడే."

గడియ పడేసరికి నెమలి చెయ్యి తలుపు పిడి మీదే ఉందట.

"పాట వింటూ వాణ్ణెలా కనిపెట్టావే?" అని పిల్లను అడిగాడు డేగ.

ఆమె హెడ్‌ఫోన్స్ వైరు చివర జేబులోంచి తీసి చూపించింది. అది దేనికీ తగిలించి లేదు.

"నా అడుగు తెలుసు, నీ అడుగు తెలుసు. మూడోది కీచుమంటోంది. నువ్వే తిరుగుతావని చూశాను. ఆడమనిషి చెవిలో కబుర్లు చెబుతుంటే ఎవరు తిరుగుతారులే."



కీ చేరింది. రూలు మారలేదు. మర్నాడు చీఫ్ వైరున్న కొత్త ఇయర్‌పీస్ పంపాడు. డేగ దాన్ని బుద్ధిగా చెవిలో పెట్టుకుని, వైరు చివర ఖాళీ జేబులో దోపుకున్నాడు.