తొమ్మిదో నంబరు రిసీవర్

చీఫ్ టేబుల్ మీద రెండు టికెట్లు పెట్టాడు. రాజధాని దర్శనం, ఉదయం ఎనిమిదిన్నర నుంచి పన్నెండున్నర వరకు. గైడు సహా.

"నాకు సెలవిస్తున్నారా?" అన్నాడు పంతులు.

అతను ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. పదహారేళ్లుగా ప్రతి మిషన్‌కీ రిటైరైన లెక్కల మాస్టారి వేషమే వేస్తున్నాడు కాబట్టి ఆఫీసులో ఆ పేరు స్థిరపడింది.

"మన దగ్గర్నుంచి ఒక చిప్ పోయింది," అన్నాడు చీఫ్. "సరిహద్దు అవతల పనిచేసే మనవాళ్లు పదకొండు మంది. వాళ్ల అసలు పేర్లు అందులో ఉన్నాయి. రేపు ఈ బస్సు టూర్‌లో అది చేతులు మారుతుంది. ఇచ్చేదెవరో తెలీదు, పుచ్చుకునేదెవరో తెలీదు. పుచ్చుకున్నవాడు ఎంబసీ కారెక్కితే మనం ముట్టుకోలేం. సాయంత్రానికి ఆ పదకొండు మందీ ఉండరు."

చీఫ్ టికెట్లు పంతులు వైపు జరిపాడు.

"ఏడో పేరు నీ మేనల్లుడిది."

కొడుకు విదేశంలో నీటి పంపులు అమ్ముతున్నాడని పంతులు అక్క నమ్మకం. ఆ అబద్ధం చెప్పింది పంతులే.

"రెండో టికెట్ ఎవరికి?"

"మీ ఆవిడకి."

పంతులుకు పెళ్లి కాలేదు.

"రెండిళ్ల చుట్టం వస్తోంది," అన్నాడు చీఫ్. మనకూ వాళ్లకూ పనిచేసే డబుల్ ఏజెంటుకు ఆఫీసు పెట్టిన పేరది. "ఈ కబురు తెచ్చింది ఆవిడే. మనకు బస్సు సంగతి చెప్పినట్టే వాళ్లకు నీ సంగతి చెప్పిందేమో తెలీదు."

"నమ్మొచ్చా?"

"పక్కన కూర్చోమన్నాను. నమ్మమని ఎవరన్నారు?"

సిగ్నల్ ఒక్కటే. బస్టాండులో మ్యాపులు అమ్మేవాళ్ల వేషంలో ఇద్దరు ఉంటారు. పంతులు ఎవరితో "మాకో ఫోటో తీస్తారా?" అంటే వాళ్లను పట్టుకుంటారు. ఒక్కసారే. తప్పు మనిషి మీద చెయ్యి పడితే అసలు మనిషి జారుకుంటాడు.

మర్నాడు బస్సులో ఇరవై రెండు మంది ఎక్కారు. గైడు నలభై ఏళ్లవాడు, ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు. అందరికీ తలా ఒక రిసీవర్, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ ఇచ్చాడు. గైడు మైకులో చెప్పేది అందులో వినిపిస్తుంది. పంతులుకు తొమ్మిదో నంబరు వచ్చింది.

రెండిళ్ల చుట్టం ఆఖర్న ఎక్కింది. ఏడు తలలు తిరిగాయి. కళ్లకు నల్లద్దాలు. బయట మబ్బు పట్టి ఉంది.

"ఎండ లేదుగా?" అన్నాడు పంతులు.

"వస్తుందిలెండి." గొంతు పెంచింది. "పెళ్లయి ఇన్నాళ్లయినా నన్ను అనుమానించడం మానరు కదండీ మీరు!"

ముందు సీట్లో పెద్దావిడ వెనక్కి తిరిగి నవ్వింది. "మా ఆయనా ఇంతేనమ్మా. పోయేదాకా మారలేదు."

మొదటి మజిలీ పాత కౌన్సిల్ హాలు. తొమ్మిదింటికి మబ్బు విడిపోయింది. పంతులు మనుషుల్ని చూశాడు. ఒకావిడ గైడు చెప్పే ప్రతి సంవత్సరం నోట్‌బుక్కులో రాసుకుంటోంది. ఒకాయన మెడలో కెమెరా ఉంది, తియ్యడం మాత్రం లేదు. డ్రైవరు ఫోన్‌లో గుసగుసగా మాట్లాడుతున్నాడు. అందరూ దొంగల్లాగే ఉన్నారు. పని మీద ఉన్నప్పుడు పంతులుకు లోకం అలాగే కనిపిస్తుంది.

రెండో మజిలీ రాజు కోట. నాలుగు వంశాలు ఏలిన కోట. గైడు తారీఖులు తప్పు లేకుండా చెప్పాడు. వినేవాళ్లు అరచేతులు నొసట అడ్డం పెట్టుకున్నారు. పంతులు కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. ఇరవై అడుగుల దూరంలో గోడ నీడ ఉంది.

మూడో మజిలీ గడియార స్తంభం. అక్కడా అంతే. గైడు సూర్యుడికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఇరవై రెండు మందీ ఎండకు ఎదురుగా, కళ్లు చికిలించుకుని నిలబడ్డారు. నల్లద్దాలు ఉన్నది ఒక్కావిడకే.

పంతులుకు అక్క గుర్తొచ్చింది. అక్క ఇదే ఊళ్లో ఇరవై ఆరేళ్లు గైడుగా పనిచేసింది. "ఎండ మన కళ్లలో పడాలిరా, వాళ్ల వీపు మీద పడాలి. చూడ్డానికి వచ్చింది వాళ్లు," అనేది. ఆ ఎండకే అక్క కళ్ల చుట్టూ ముడతలు పడ్డాయి. ఈ గైడు కళ్ల చుట్టూ ఒక్క గీత లేదు.

బస్సు తిరుగుదారి పట్టింది. పంతులు గొంతు తగ్గించాడు.

"స్తంభం దగ్గర మాకెవరికీ ఏమీ కనబడలేదు. నీకు కనబడింది."

"కనబడింది. కెమెరా మనిషి జేబులోంచి చిప్ తీశాడు. నా కళ్లతో చూశాను."

"తీసి?"

"ఆయనే మనిషి. పట్టుకోండి."

"ఒట్టు?"

"మీ మీదే," అంది.

పన్నెండున్నరకు బస్సు ఆగింది. గైడు తలుపు దగ్గర పెట్టె తెరిచి పట్టుకున్నాడు. దిగేవాళ్లు ఒక్కొక్కరే రిసీవర్ అందులో వేస్తున్నారు. కెమెరా మనిషి వేశాడు. రెండిళ్ల చుట్టం వేసింది. పంతులు ఉత్త చెయ్యి పెట్టెలో పెట్టి తీశాడు. తొమ్మిదో నంబరు జేబులోనే ఉంది.

ఒక్క రిసీవర్ తగ్గినా గైడు జీతంలో కోస్తారు. ఒకసారి ఒక్కదాని కోసం అక్క బస్సు సీట్లన్నీ పీకించింది.

కెమెరా మనిషి టాక్సీల వైపు నడిచాడు. మ్యాపులవాళ్లిద్దరూ పంతులు నోరే చూస్తున్నారు. పంతులు ఆయన వెనకే నాలుగడుగులు వేశాడు. "అడగండి," అంది పక్కనుంచి రెండిళ్ల చుట్టం.

పంతులు వెనక్కి చూశాడు. గైడు లెక్కపెట్టలేదు. పెట్టె మూశాడు, తాళం వేశాడు, రోడ్డవతల ఆగిన బూడిదరంగు కారు వైపు వెళ్లాడు. ఎంబసీ నంబరు ప్లేటు. వెనక తలుపు లోపల్నుంచి తెరుచుకుంది.

"గైడు గారూ! మాకో ఫోటో తీస్తారా?"

గైడు ఒక కాలు కారులో ఉంది. "టైమ్ లేదు సార్."

"ఫోటోకి ఎంతసేపు సార్?" అంటూ మ్యాపులవాడు ఒకడు అతని భుజం మీద చెయ్యి వేశాడు. రెండోవాడు పెట్టె అందుకున్నాడు. కారు తలుపు మూసుకుని వెళ్లిపోయింది.

పద్నాలుగో రిసీవర్‌లో బ్యాటరీ పక్కన చిప్ దొరికింది. అది కెమెరా మనిషిది. ఆయన్ను రెండు వీధుల అవతల టాక్సీలో పట్టుకున్నారు. అసలు గైడు ఇంట్లో ఉంది. టూర్ రద్దయిందని ముందురోజు ఆమెకు ఎవరో ఫోన్ చేశారు.

"నాకు అబద్ధం చెప్పావు," అన్నాడు పంతులు.

"లేదు. చిప్ తీశాడన్నాను, తీశాడు. ఎక్కడ పెట్టాడో చెప్పలేదు." ఆవిడ నల్లద్దాలు తీసి తుడుచుకుంది. "నేను సగమే కదండీ మీ మనిషిని."

బస్టాండు నుంచే పంతులు అక్కకు ఫోన్ చేశాడు. ఊరు చూశానని మాత్రం చెప్పాడు.

"ఇన్నేళ్లకి బుద్ధి పుట్టిందా? వాడు మొన్న ఉత్తరం రాశాడురా, పంపులు బాగానే పోతున్నాయట. గైడు ఎలా చెప్పాడు?"

"చెప్పడం బాగానే చెప్పాడక్కా," అన్నాడు పంతులు. "నిలబడ్డమే రాలేదు."